బైసన్‌కు బొత్తిగా విశ్వాసం లేదు

కుక్కకు రెండు ముద్దలు పెడితే చచ్చేదాకా తోక ఊపుతుంది. అమెరికా బైసన్, అంటే అక్కడి అడవిదున్న, సంగతి చూడండి. దాని బొమ్మను నాణెం మీద వేశారు. 1901 నాటి పది డాలర్ల నోటు నడుమ నిండుగా నిలబెట్టారు. వయోమింగ్ రాష్ట్ర జెండాలో చోటిచ్చారు. చాలదన్నట్టు 2016 మే నెలలో అధ్యక్షుడు ఒబామా సంతకంతో జాతీయ క్షీరదం అన్న హోదా కట్టబెట్టారు. ఇన్ని మర్యాదలు పుచ్చుకున్న జంతువు, పక్కన నిలబడి ఒక్క ఫోటో తీసుకుంటానంటే కొమ్ములతో ఎత్తి విసిరేస్తోంది. ఎల్లోస్టోన్ జాతీయ పార్కులో మనుషులను గాయపరచడంలో ఎలుగుబంటికి, తోడేలుకు లేని పేరు దీనికి ఉంది. కనీసం 23 మీటర్ల దూరంలో ఉండమని పార్కువాళ్లు చెబుతూనే ఉంటారు. అంత దూరంలో నిలబడితే ఫోటోలో మన ముఖం పక్కన దాని ముఖం ఎలా పడుతుంది? ఆ మాత్రం ఇంగితం దానికి ఉండవద్దా?

ఈ కృతఘ్నత మీద ఎవరో ఒకరు గొంతు విప్పాలి కనుక ఆ బాధ్యత నేను తీసుకుంటున్నాను.

అసలు మొదటి తప్పు దానిదే. ఒకప్పుడు ఉత్తర అమెరికా మైదానాల్లో 3 కోట్ల బైసన్‌లు ఉండేవని కొందరు, 6 కోట్లని కొందరు అంచనా కట్టారు. ఏ జంతువైనా అంత మితిమీరి ఉండటం మర్యాద కాదు. పైగా ఊరకే ఉన్నాయా? అవి పొర్లిన చోట నేల గుంటలు పడేది. ఆ గుంటల్లో వాననీరు నిలిస్తే కప్పలు చేరి గుడ్లు పెట్టేవి. రాలిన బొచ్చును పిట్టలు గూళ్లకు ఏరుకుపోయేవి. లకోటా, చెయెన్, కొమాంచి తెగల ఆదివాసులు మాంసం వండుకుని, తోళ్లతో గుడారాలు కట్టుకుని, ఎముకలతో పనిముట్లు చేసుకుని, ఎండిన పేడతో పొయ్యి రాజేసుకునేవారు. తిండి, ఇల్లు, బట్ట, వంటచెరకు అన్నీ ఒక్క జంతువు దగ్గరే దొరుకుతుంటే ఇక దుకాణానికి ఎవరు వస్తారు? నాగరికత ఎలా పెరుగుతుంది?

అందుకని పెద్దలు రంగంలోకి దిగారు. 1871 ప్రాంతంలో బైసన్ తోలును గట్టి తోలుగా శుద్ధి చేసే పద్ధతి కుదిరింది. కర్మాగారాల్లో యంత్రాలు తిప్పే బెల్టులకు అది బాగా పనికొచ్చింది. వేటగాళ్లు తోలు ఒలుచుకుని మాంసాన్ని ఎండకు వదిలేశారు. రైలు కిటికీల్లోంచి కాలక్షేపానికి కాల్చినవారూ ఉన్నారు. దేశీయ వ్యవహారాల మంత్రి కొలంబస్ డెలానో 1873 వార్షిక నివేదికలో, బైసన్ పూర్తిగా మాయమైనా తనకు పెద్దగా విచారం ఉండదనీ, అవి లేకపోతే ఆదివాసులు సేద్యానికి తొందరగా అలవాటు పడతారనీ రాశారు. మనసులో మాటను ఇంత సూటిగా రాసిపెట్టే మంత్రులు అరుదు. ఆ శాఖ అధికారిక ముద్రలో ఇప్పుడు నిలబడి ఉన్నది ఎవరనుకున్నారు? బైసనే. 1874లో బైసన్ రక్షణకు చట్టసభలు ఒక బిల్లు ఆమోదిస్తే అధ్యక్షుడు గ్రాంట్ సంతకం పెట్టలేదు, తిప్పి పంపనూ లేదు. బిల్లు అలా పడి ఉండి చచ్చిపోయింది.

ఆ తర్వాత మైదానం నిండా ఎముకలు మిగిలాయి. వాటినీ వృథా పోనివ్వలేదు. బండ్లకెత్తి, రైలెక్కించి, కొన్నింటిని ఎరువు చేశారు, కొన్నింటిని కాల్చి బొగ్గు చేసి దానితో పంచదారను తెల్లగా శుద్ధి చేశారు. 1892లో డెట్రాయిట్ దగ్గర తీసిన ఒక ఫోటోలో బైసన్ పుర్రెల గుట్ట ఉంటుంది. గుట్ట మీద ఒకాయన, గుట్ట కింద ఒకాయన దర్జాగా నిలబడి ఉంటారు. బైసన్‌తో ఫోటో దిగాలన్న సరదా నిన్న మొన్న పుట్టింది కాదన్నమాట. ఆ రోజుల్లో బైసన్‌లు కదలకుండా సహకరించేవి, అంతే తేడా.

ఇక ప్రేమ ఎలా మొదలైందో చూద్దాం. వాషింగ్టన్‌లోని నేషనల్ మ్యూజియంలో విలియం హార్నడే అనే ఆయన జంతువుల తోళ్లు కూరి, బతికి ఉన్నట్టు నిలబెట్టడంలో దిట్ట. బైసన్ అంతరించిపోతున్నదని తెలిసి ఆయన మనసు విలవిలలాడింది. వెంటనే 1886లో మోంటానా వెళ్లి, మిగిలిన కాసిన్నింటిలోంచి ఇరవైకి పైగా బైసన్‌లను కాల్చి తెచ్చారు. అవి పూర్తిగా పోతే రేపటి తరాలు చూడటానికి ఏమీ మిగలదు కదా! ప్రాణంతో పట్టి తెచ్చిన దూడ ఒకటి వాషింగ్టన్‌లో చనిపోతే, దాన్ని కూడా కూరి అదే గాజు పెట్టెలో నిలబెట్టారు. 1889లో లెక్క తీస్తే, బోనుల్లో ఉన్నవాటితో కలిపి ఖండం మొత్తానికి తేలినవి 1,091. నిజం చెప్పాలంటే ఆయనను ఎగతాళి చేయడానికి నాకు పూర్తిగా మనసొప్పదు. తర్వాత బైసన్‌లను బతికించడానికి ఆయన పడినంత పాటు పడినవారు తక్కువే. 1907లో న్యూయార్క్ జంతుప్రదర్శనశాల నుంచి 15 బైసన్‌లను రైలెక్కించి ఓక్లహోమాకు పంపించినది ఆయనే. గడ్డి మైదానంలో పుట్టవలసిన జంతువును మహానగరం నుంచి టికెట్ తీసి గడ్డి మైదానానికి పంపవలసి వచ్చింది.

అదే ఏడాది మరో చోట ఇంకో ముచ్చట. మోంటానాలోని ఫ్లాట్‌హెడ్ ఆదివాసీ ప్రాంతంలో మైకేల్ పాబ్లో అనే పశువుల ఆసామి వందల బైసన్‌ల మందను కాపాడుకొచ్చాడు. మేత భూమి చేజారిపోతుంటే తన ప్రభుత్వానికే అమ్మజూపాడు. డబ్బు మంజూరు కాలేదు. కెనడా కొనుక్కుంది. ఆ మందను పట్టి రైలెక్కించే పని ఇంకా సాగుతుండగానే, 1908లో అమెరికా ప్రభుత్వం అదే ఫ్లాట్‌హెడ్ నేలలో కొంత తీసుకుని అక్కడ బైసన్ రక్షణ కేంద్రం పెట్టింది. బైసన్‌లను వేరే చోట కొని తెచ్చారు. ఆ నేలను తిరిగి ఆ తెగల చేతికి ఇవ్వడానికి చట్టం వచ్చింది 2020లో.

నాణెం దగ్గరికి వద్దాం. 1913లో విడుదలైన అయిదు సెంట్ల బిళ్ల అది. ఒక వైపు బైసన్, మరో వైపు ఆదివాసి ముఖం. చచ్చినవాడి కళ్లు చారెడన్నారు పెద్దలు. ఇక్కడ ఇద్దరి కళ్లనూ ఒకే బిళ్ల మీద సర్దేశారు. చేతిలోకి తీసుకుని చూస్తే పనితనం అద్భుతం. దించిన తల, కొండలాంటి మూపురం, ముంగాళ్ల మీద జూలు. సంవత్సరం అంకెలను మాత్రం ఉబ్బెత్తు చోట చెక్కడంతో నాలుగు చేతులు మారేసరికి అవే ముందు అరిగిపోయాయి. (నేరం జరిగిన తేదీ దానంతటదే చెరిగిపోయే ఏర్పాటు నేను మరెక్కడా చూడలేదు.) ఈ బొమ్మకు నమూనాగా అందరూ చెప్పుకునే బైసన్ పేరు బ్లాక్ డైమండ్. న్యూయార్క్ సెంట్రల్ పార్కు జంతుశాలలో ఉండేది. ముసలిదైపోయిందని 1915లో దాన్ని 300 డాలర్లకు మాంసం వర్తకుడికి అమ్మేశారు. నాణెం అప్పటికి చెలామణీలోనే ఉంది. లెక్క వేసుకోండి. దాని బొమ్మ ఉన్న బిళ్లలు 6,000 ఇస్తే అదే వచ్చేది.

ఇప్పుడు రోగం సంగతి. బ్రూసెల్లోసిస్ అనే, చూలు పశువులు ఈసుకుపోయే (గర్భం పోయే) జబ్బు యూరప్ నుంచి తెచ్చిన ఆవుల ద్వారా బైసన్‌లకు అంటింది. నేడు శీతకాలంలో గడ్డి కోసం ఎల్లోస్టోన్ పార్కు సరిహద్దు గీత దాటిన బైసన్‌ను మోంటానాలో ఆవులకు ప్రమాదమంటూ పట్టి వధశాలకు పంపుతుంటారు. అక్కడ ఆవులకు జబ్బు వచ్చినప్పుడల్లా ఆరా తీస్తే తేలింది ఎల్క్ దుప్పుల పేరు. ఎల్క్‌లకు ఈ గీత లేదు. జాతీయ హోదా కూడా లేదు, బహుశా అందుకే హాయిగా తిరుగుతున్నాయి.

జాతీయ క్షీరదం హోదా వచ్చిన ఆ మే నెలలోనే ఎల్లోస్టోన్‌లో ఇద్దరు సందర్శకులు ఒక బైసన్ దూడకు చలి వేస్తోందని జాలిపడి కారు వెనక ఎక్కించుకున్నారు. ఒంటి మీద పడిన మంచు కరగనంత దట్టంగా బొచ్చు పెంచుకుని, దున్నపోతు మీద వాన కురిసినట్టు తుఫానులోనూ నింపాదిగా మేసే జాతి అది! తర్వాత మంద ఆ దూడను కలుపుకోలేదు. అది రోడ్డు మీద కార్ల వెంట, మనుషుల వెంట తిరగసాగింది. చివరికి పార్కువాళ్లే దాన్ని చంపేశారు.

కనుక బైసన్‌కు నా విన్నపం ఒక్కటే. కాస్త బొమ్మలా ఉండటం నేర్చుకో. కానీ అది వినే రకం కాదు. కోపం వచ్చినప్పుడు దాని తోక పైకి లేస్తుంది. పేడ వేసేటప్పుడు కూడా లేస్తుంది. ఎదురుగా ఫోను పట్టుకుని నిలబడిన అభిమానికి, ఈ రెండింటిలో ఏదో తేల్చుకోవడానికి ఒకటి రెండు క్షణాలు ఉంటాయి. ఆ క్షణాల్లో ఆయన వెలుతురు సరిపోతుందా లేదా అని చూసుకుంటూ ఉంటాడు.