అధ్యక్షుడి సంతకానికి అక్కడ పనే లేదు

వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మాట ఇది: "అమెరికాలో అధ్యక్షుడు, కాంగ్రెస్ ఒక్కటైతే రాజ్యాంగం రాత్రికి రాత్రే మారిపోతుంది. రాష్ట్రాల అసెంబ్లీలు తలూపడం తప్ప చేసేదేం లేదు. మూడోసారి అధ్యక్షుడు కావడం ఎంతసేపు!"

ముందు అధ్యక్షుడి సంగతి. మన దగ్గర సవరణ బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం ఉండాలి కాబట్టి అక్కడా అంతే అనుకుంటాం. అమెరికాలో ఆ ప్రక్రియలో అధ్యక్షుడికి చోటే లేదు. 1798లోనే సుప్రీంకోర్టు తేల్చేసింది. 1865లో బానిసత్వాన్ని రద్దు చేసే తీర్మానంపై లింకన్ సంతకం పెడితే, ఆ సంతకం అక్కర్లేదని సెనేట్ చెప్పింది. లింకన్‌కే!

కాంగ్రెస్ చేసేది ప్రతిపాదన. ఉభయ సభల్లో మూడింట రెండొంతుల మద్దతుతో అది రాష్ట్రాలకు వెళ్తుంది. 50లో 38 ఒప్పుకోవాలి. 13 రాష్ట్రాలు ఊరికే కూర్చున్నా ఆగిపోతుంది. నెబ్రాస్కాలో తప్ప అన్నిచోట్లా రెండేసి సభలు, రెండూ సరేననాలి. గవర్నర్ సంతకంతో పని లేదు.

ఇక తలూపడం. ఈ అపోహ ఎక్కడిదో ఊహించగలను. 2014లో విభజన బిల్లును ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ తిరస్కరించినా పార్లమెంటు ఆమోదించింది, అదంతా మనం చూశాం. అమెరికాలో ఒక రాష్ట్రాన్ని విడగొట్టాలంటే ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోవాలని రాజ్యాంగమే అంటుంది. సవరణల్లోనూ అసెంబ్లీలది అంత పట్టు. స్త్రీపురుష సమాన హక్కుల సవరణను 1972లో కాంగ్రెస్ భారీ మెజారిటీతో పంపింది. గడువును 1982 దాకా పెంచినా 35 రాష్ట్రాల దగ్గరే ఆగింది.

మహిళల ఓటు హక్కయితే 1920 ఆగస్టులో టెనెస్సీలో ఒక్క ఓటు మీద తేలింది. హ్యారీ బర్న్ అనే 24 ఏళ్ల సభ్యుడు వ్యతిరేకుల గుర్తయిన ఎర్ర గులాబీ పెట్టుకుని సభకొచ్చాడు. జేబులో మాత్రం అమ్మ రాసిన ఉత్తరం, ఓటు హక్కుకు మద్దతివ్వమని. అమ్మ మాటే విన్నాడు. అప్పటికి కావలసిన 36వ రాష్ట్రం అదే.

రాత్రికి రాత్రే అంటారా? 18 ఏళ్లకే ఓటు హక్కు ఇచ్చిన సవరణ 1971లో సుమారు 100 రోజుల్లో పూర్తయింది, అన్నిటికంటే వేగం అదే. 27వ సవరణను 1789లో ప్రతిపాదిస్తే 1992లో ఆమోదం పూర్తయింది.

మూడోసారి ఎన్నికను అడ్డుకునేది 1951 నాటి 22వ సవరణ. దాన్ని తీసేయాలన్నా మళ్లీ ఆ 38 రాష్ట్రాల గడప తొక్కాల్సిందే.