పిల్లికి నవ్వులు, పిల్లకి బొటనవేలు

ఇప్పుడే ఫ్యామిలీ గ్రూపు మ్యూట్‌లో పెట్టి కూర్చున్నాను. ఒళ్లు మండిపోతోంది.

మా అమ్మాయి నాలుగు నెలలు తంటాలు పడి కీబోర్డు మీద మోహన రాగ వర్ణం నేర్చుకుంది. రెండో కాలంలో, అంటే రెట్టింపు వేగంలో కూడా తడబడలేదు. పొద్దున వీడియో పెడితే వచ్చింది ఒకే ఒక్క బొటనవేలు. అదీ మా ఆయనది. సాయంత్రం ఎదురింటి పిల్లి కిటికీలోంచి దూకి, అదే కీబోర్డు మీద నాలుగడుగులు వేసి, నల్ల మెట్ల మీద చతికిలబడింది. భయ్‌మని ఒకటే మోత. నవ్వొచ్చి అదీ పెట్టాను, నాదే బుద్ధితక్కువ. ఇరవై మూడు నవ్వులు! మా పిన్నయితే "ఎంత టాలెంటో నా బంగారానికి" అంది. మనవరాలిని ఏనాడూ అనలేదు ఆ మాట.

ఇది ఇవాళ్టి రోగం కాదులెండి. ఇటలీలో పుట్టిన స్కార్లాటి అనే సంగీతకర్త 1738-39లో హార్ప్సికార్డు (పియానోకి ముందటి మెట్ల వాద్యం) కోసం 30 సొనాటాలనే వాద్య రచనలు అచ్చువేయించాడు. చివరిది ఒక ఫ్యూగ్, అంటే ఒకే బాణీని ఒకదాని వెంట ఒకటి గొంతులు అందుకునే రచన. మొదలే వింతగా ఆరు స్వరాలు ఎగురుకుంటూ పైకి పోతాయి. మొదటి స్వరాన్నే 'స' అనుకుని మన లెక్కలో చూస్తే స గ ధ ని గ మ. అన్నీ సింహేంద్రమధ్యమం రాగంలోని స్వరాలే! ఇంత బుర్ర పెట్టి రాస్తే, జనం ఏమన్నారు? ఆయన పిల్లి వాద్యం మెట్ల మీద నడిస్తే పుట్టిందన్నారు. ఆయన ఎక్కడా పిల్లి ఊసే ఎత్తలేదు. తర్వాతెప్పుడో, 19వ శతాబ్దంలో, 'పిల్లి ఫ్యూగ్' అని పేరు అంటుకుంది, ఇంక వదల్లేదు. సింహేంద్రంలో నడిచే పిల్లి ఉంటే నాకూ చూపించండి, పాదాభివందనం చేస్తా.

పోనీ పిల్లినైనా సుఖంగా ఉంచారా? 1549లో బ్రస్సెల్స్ ఊరేగింపులో ఎలుగుబంటి చేత ఆర్గన్ వాయించారట. లోపల గొట్టాలకు బదులు పిల్లులు, మెట్టు నొక్కితే తోక గుంజుతుంది. 1650లో కిర్షర్ అనే పండితుడు పిల్లుల పియానో గురించి పుస్తకంలోనే రాశాడు, తోకల్లో మేకులు దిగేలా. 1803లో రైల్ అనే జర్మన్ వైద్యుడికి ఇది మానసిక రోగుల వైద్యానికి పనికొస్తుందనిపించింది. 'సైకియాట్రీ' అన్న మాట పుట్టించిన మహానుభావుడే ఈయన. ముందు ఆయన్నెవరికైనా చూపించాల్సింది.

2009లో లిథువేనియాలో నోరా అనే పిల్లి పియానో వీడియోకి ఏకంగా ఆర్కెస్ట్రానే పక్కవాద్యం వాయించింది. పిల్లి పేరు అందరికీ తెలుసు. ఆర్కెస్ట్రాలో ఫిడేలు పట్టుకున్నవాళ్లలో ఒక్కరి పేరు చెప్పండి చూద్దాం.

అసలు నా మంట ఇది కాదు. మా తాతయ్య పద్యనాటకాల్లో హార్మోనిస్టు. నటుడు రాగం తీస్తూ ఎక్కడికో వెళ్లిపోతే వేళ్లతో వెంటపడి పట్టుకునేవారు. వన్స్ మోర్ మాత్రం నటుడికి. కరపత్రంలో తాతయ్య పేరు అట్టడుగున, 'లైటింగ్' పక్కన. పైగా 1940 నుంచి 1971 దాకా దేశంలో రేడియోలో హార్మోనియం నిషేధం, గమకాలు, అంటే స్వరాల ఊపులు, పలకదని! ఆ పెట్టె మీద తాతయ్యకి బదులు పిల్లిని కూర్చోబెట్టి ఉంటే రేడియో వాళ్లు కారు పంపేవారేమో.

ఇది రాస్తుండగానే పిన్ని విడిగా మెసేజ్ పెట్టింది. "పిల్లిది ఇంకో వీడియో ఉంటే పెట్టవే."