“ఇప్పుడా చూడటం?” అన్న టీషర్టాయనకి

నిద్ర లేకుండా, కాస్త కోపంతో రాస్తున్నాను. కళ్లజోడు ఎడమ కాడ వంకర పోయింది. గొంతు పూర్తిగా పోయింది కాబట్టి చెప్పాల్సింది టైప్ చేయడమే దారి.

నిన్న రాత్రి డిసెండెంట్స్ అనే అమెరికన్ పంక్ బ్యాండ్‌ని మొదటిసారి లైవ్‌లో చూశాను. పంక్ అంటే వేగంగా, పొట్టిగా, గట్టిగా కొట్టే రాక్ సంగీతం. పదిహేడేళ్ల వయసులో ఒక ఫ్రెండ్ కాపీ చేసి ఇచ్చిన సీడీలో విన్న బ్యాండ్. అంటే పందొమ్మిదేళ్లుగా వింటున్నాను. పరీక్షల ముందు రోజు రాత్రి, ఉద్యోగం పోయిన రోజు, పెళ్లి సంబంధం తప్పిన వారం, అన్నిట్లోనూ వీళ్లే. హాలు బయట లైన్‌లో నిలబడ్డప్పుడు చేతులు చల్లబడ్డాయంటే నమ్మండి.

నా ముందు ఒకాయన. రంగు వెలిసిన నల్ల టీషర్టు, దాని మీద బ్యాండ్ గాయకుడు మైలో కార్టూన్ బొమ్మ. మాటలు కలిశాయి. “ఎన్నోసారి?” అన్నాడు. “మొదటిసారి” అన్నాను ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి. ఆయన మొహంలోకి జాలి వచ్చింది. “ఇప్పుడా చూడటం? తొంభై ఆరులో చూడాలి వీళ్లని. ఇప్పుడేముంది, ముసలాళ్లయిపోయారు.” అంతలో నేను జేబులోంచి ఇయర్‌ప్లగ్స్ తీశాను. ఇక ఆయన జాలికి హద్దు లేదు. “అవి పెట్టుకుని పంక్ వింటావా!”

ఆయన చెప్పిన తొంభై ఆరులో నాకు ఎక్కాలు కూడా రావు సార్. ఏ బస్సెక్కి రమ్మంటారు?

అసలు ఈ బ్యాండ్‌ని ఎప్పుడు కావాలంటే అప్పుడు చూడటం ఎవరి వల్ల అయింది? 1982లో వచ్చిన మొదటి ఆల్బమ్ పేరే ‘మైలో గోస్ టు కాలేజ్’. పేరులో జోకేమీ లేదు. పాడే మైలో ఆకర్‌మన్ నిజంగానే బయాలజీ చదువుకోవడానికి బ్యాండ్ వదిలి వెళ్లాడు. పదిహేను పాటలు, మొత్తం కలిపి ఇరవై రెండు నిమిషాలు, ఆ తర్వాత మనిషి కాలేజీకి. మళ్లీ వచ్చాడు, మళ్లీ వెళ్లాడు, పీహెచ్‌డీ చేశాడు, ఏళ్ల తరబడి మొక్కల మీద పరిశోధన చేసే ఉద్యోగం చేశాడు. 2016లో గానీ ఆ ఉద్యోగం వదిలి పూర్తిగా పాటకి రాలేదు. గాయకుడే లాబ్‌లో ఉంటే అభిమాని లేటయ్యాడని తిట్టడం ఏం న్యాయం?

సరే, ఆయన ఒక్కడే కాదు. పంక్ వినేవాళ్లలో ఈ సీనియారిటీ జబ్బు పాతదే. ఆఫీసులో ఇంక్రిమెంట్‌కి లెక్కేసినట్టు నువ్వు ఏ సంవత్సరం నుంచి, ఎన్ని షోలు, ఆ డ్రమ్మర్ ఉన్నప్పుడు చూశావా లేదా అని లెక్కలు. ఎవరికీ అధికారం లేదని అరిచే సంగీతంలో ఈ పెద్దరికం ఎక్కణ్నుంచి వచ్చిందో!

పైగా ఈ సంగీతం కథలో అందరూ పొద్దస్తమానం చెప్పుకునే రాత్రే మొదటిసారి చూసినవాళ్ల రాత్రి. 1976 జూన్ 4, మాంచెస్టర్‌లో లెస్సర్ ఫ్రీ ట్రేడ్ హాల్. హోవార్డ్ డెవోటో, పీట్ షెల్లీ అనే ఇద్దరు కుర్రాళ్లు పూనుకుని లండన్ పంక్ బ్యాండ్ సెక్స్ పిస్టల్స్‌ని పిలిపించారు. వచ్చిన జనం ఓ 40 మంది. (ఆ రోజు మేమూ ఉన్నామని తర్వాత చెప్పుకున్నవాళ్లతో స్టేడియం నింపొచ్చు. టీషర్టాయన మాంచెస్టర్‌లో పుట్టుంటే ఆయనా ఉండేవాడు.) ఆ 40 మందిలో పీటర్ హుక్ మర్నాడే వెళ్లి బేస్ గిటార్ కొనుక్కున్నాడు. ఆయన, అక్కడే ఉన్న బెర్నార్డ్ సమ్నర్ కలిసి తర్వాత జాయ్ డివిజన్ అనే బ్యాండ్ పెట్టారు. పిలిపించిన ఆ ఇద్దరిదీ బజ్‌కాక్స్ బ్యాండ్. ఇంకో మూల మోరిసీ ఉన్నాడు, తర్వాత స్మిత్స్ బ్యాండ్ గాయకుడు. వీళ్లలో ఎవరైనా “పోయిన ఏడాది ఇంకా బాగుండేది” అన్నారా? పోయిన ఏడాది సంగతి తెలిసినవాడు ఆ హాల్లో ఉండుంటే బహుశా మూల నిలబడి చేతులు కట్టుకుని ఉండేవాడు.

న్యూయార్క్ పంక్ బ్యాండ్ రమోన్స్‌దీ అంతే. 1976లో వచ్చిన వాళ్ల మొదటి ఆల్బమ్‌కి అమెరికాలో గోల్డ్ సర్టిఫికెట్, అంటే ఐదు లక్షల కాపీలకి ఇచ్చేది, 2014లో వచ్చింది. బ్యాండ్ 2,263 కచేరీలు చేసి 1996లోనే ఆపేసింది. ఆ సర్టిఫికెట్ వచ్చిన కొద్ది నెలలకే మొదటి నలుగురిలో మిగిలిన టామీ కూడా పోయాడు. అన్నేళ్లపాటు ఆ రికార్డులు కొన్నవాళ్లలో ఎంతమంది వాళ్లని కళ్లతో చూసుంటారు? ఆలస్యంగా వచ్చినవాళ్లే ఆ పాటల్ని మోశారు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అని ఊరికే అనలేదు.

ఇక షో సంగతి.

మొదటి రెండు పాటలూ నాకు వినపడలేదు. సౌండ్ ముద్దముద్దగా ఉంది, డ్రమ్ములు తప్ప ఏదీ విడిగా తెలియడం లేదు. దాన్ని మించి, నాకు లోపల ఒక దిక్కుమాలిన ఫీలింగ్ మొదలైంది. చెప్పుకోవడానికి సిగ్గే. అసూయ. ఈ పాటలు నావి. హెడ్‌ఫోన్స్‌లో, దుప్పటి కింద, ఒంటరిగా విన్నవి. ఈ వందల మందికి ప్రతి మాటా ఎలా తెలుసు? నా పక్కన ఒకమ్మాయి నేను ఎప్పుడూ తప్పుగా పాడుకునే లైన్‌ని సరిగ్గా పాడేసరికి ఎవరో నా డైరీ తీసి గట్టిగా చదువుతున్నట్టు అనిపించింది. పందొమ్మిదేళ్లు తప్పుగా పాడానని అప్పుడే తెలిసింది మరి.

‘హోప్’ పాట మొదలయ్యేసరికి సౌండ్ తేటపడింది. ఎవరో వెనక నుంచి తోశారు. తోస్తే వెళ్లి సర్కిల్ పిట్ అంచున పడ్డాను, అంటే గుంపు మధ్య జనం గుండ్రంగా పరిగెడుతూ ఒకర్నొకరు తోసుకునే చోట. ఆ తర్వాత ఆలోచించే టైమ్ ఎక్కడిది? వీళ్ల పాటల సైజు అలాంటిది. ‘కాఫీ మగ్’ అయితే అర నిమిషం మీద నాలుగైదు సెకన్లు, అంతే. ఒక పాటకి ఊపిరి తీసుకుంటే వదిలేలోపు ఇంకోటి సగమైపోతుంది. రికార్డులో విన్నప్పుడు ఆ పొట్టితనం సరదాగా ఉండేది. ఎదురుగా నిలబడితే అర్థమైంది, అది నలుగురు మనుషుల ఒంటి కష్టం. స్టీఫెన్ ఎగర్టన్ గిటార్ చేతిని చూస్తూ ఉండిపోయాను. బిల్ స్టీవెన్‌సన్ 2010లో మెదడులో కణితికి ఆపరేషన్ చేయించుకున్న మనిషి. ఆయన డ్రమ్ములు కొడుతుంటే నా ఛాతీలో ఎముకలు కదిలాయి. ముసలాళ్లట!

నా కళ్లజోడు పిట్‌లోనే పోయింది. ఎవరి మోచెయ్యో తగిలి ఎగిరిపడింది. అది లేకపోతే నాకు మనిషికీ స్తంభానికీ తేడా తెలియదు. నేను వంగబోయేలోపే ఒకతను నా చొక్కా పట్టుకుని పైకి లాగాడు, వంగితే తొక్కేస్తారని. ఇద్దరు చేతులు చాపి అడ్డం నిలబడ్డారు. క్షణంలో అక్కడ చిన్న ఖాళీ ఏర్పడింది. ఫోన్ లైట్లు వెలిగాయి. కాసేపటికి గుంపు మీద ఒక చెయ్యి లేచింది, దాన్లో నా కళ్లజోడు. చేతులు మారుతూ నా దగ్గరికి వచ్చింది. ఇచ్చినవాళ్లెవరో నాకు కనపడలేదు, కళ్లజోడు లేదు కదా. పెట్టుకుని చూసేసరికి అందరూ మళ్లీ గుంపులో కలిసిపోయారు. పిట్ అంటే కొట్లాట అనుకునేవాళ్లకి ఇది ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిజంగా కొట్టేవాళ్లూ ఉంటారు, కాదనను. ఫుగాజీ అనే పంక్ బ్యాండ్ వాళ్లయితే అలాంటివాళ్లు కనపడితే పాట ఆపి, టికెట్ డబ్బు చేతిలో పెట్టి బయటికి పంపేవారు. నిన్న ఆ అవసరం రాలేదు.

వేదిక మీద పాడే ఆయనకీ కళ్లజోడే. అరవై దాటిన సైంటిస్టు, కళ్లజోడుతో, చెమటలు కారుతూ గంతులేస్తున్నాడు. కళ్లజోడున్న పిల్లాడిగా స్కూల్లో నేను పడ్డ మాటలన్నీ గుర్తొచ్చాయి. ఇక్కడ ఇంకా రాస్తే ఏడుపొస్తుంది, వదిలేస్తున్నా.

ఇయర్‌ప్లగ్స్ గురించి మాత్రం ఊరుకోను. 85 డెసిబెల్స్ శబ్దాన్ని ఎనిమిది గంటలు భరించొచ్చని లెక్క. ఆపైన మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైమ్ సగానికి పడిపోతుంది. 100 దగ్గరకి వచ్చేసరికి పావుగంట. ఇలాంటి హాళ్లలో సగటున 100 దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది. షో పావుగంట కాదు కదా! చెవిలో హోరు ఒకసారి అతుక్కుంటే దానికి మాత్ర లేదు. వచ్చే ఇరవై ఏళ్లు కూడా ఈ పాటలు వినాలని ఉన్నవాడు చెవులు కాపాడుకుంటాడు. అందులో పంక్ కానిదేముంది? ఆఖరి పాటకి మాత్రం తీసేశాను. తప్పే. చెవులు ఇప్పటికీ గుయ్‌మంటున్నాయి, అనుభవిస్తున్నా.

‘సిల్లీ గర్ల్’ పాడలేదు. నాకు అన్నిటికంటే ఇష్టమైన పాట. లైట్లు వెలిగాక కూడా రెండు నిమిషాలు నిలబడ్డాను, వస్తారేమోనని. వైర్లు చుట్టేవాళ్లు వచ్చారు.

బయటికి నడుస్తుంటే తలుపు దగ్గర టీషర్టాయన కనిపించాడు. చొక్కా మీద చెమట చుక్క లేదు. పదిహేడు, పద్దెనిమిదేళ్ల కుర్రాడికి చెబుతున్నాడు, పోయినసారి ఇంకా బాగా వాయించారని. ఆ పిల్లాడు వినడం లేదు. మోకాలు గీసుకుపోయి రక్తం వస్తోంది, అదీ చూసుకోవడం లేదు. ఆయన్నీ, నన్నూ, దారినపోయే అందరినీ ఒకటే అడుగుతున్నాడు, చాలా పొట్టిగా ఉంది చూడండి, కాఫీ కాఫీ అని అరిచారు, ఆ పాట పేరేంటని.

గొంతు లేదు కాబట్టి నా ఫోన్‌లో టైప్ చేసి చూపించాను.