శనక్కాయ ఆకులో వైరస్ చేసే పని

శనక్కాయ తెగుళ్ల మీద మీ వ్యాసంలో 'వైరస్ ఆకును తినేస్తుంది' అని రాశారు. తినడానికి దానికి నోరూ లేదు, కడుపూ లేదు సార్. 2000లో మా అనంతపురం జిల్లాలో రెండు లక్షల హెక్టార్లకు పైగా వేరుశనగను దెబ్బతీసిన కాండం కుళ్ళు తెగులునే తీసుకోండి. దానికి కారణం టొబాకో స్ట్రీక్ వైరస్. దాని దగ్గరున్నదల్లా మూడు ఆర్‌ఎన్‌ఏ (జన్యు సమాచారం ఉండే పదార్థం) ముక్కలు, వాటిపైన ప్రోటీన్ తొడుగు. కణంలోకి దూరాక మొక్క రైబోజోములతోనే, అంటే ప్రోటీన్లు తయారుచేసే దాని యంత్రాలతోనే, తన ప్రోటీన్లు చేయించుకుంటుంది. మన బోరు నీళ్లతో పక్కవాడు మడి తడుపుకున్నట్టు!

కణాల మధ్య గోడల్లో ప్లాస్మోడెస్మాటా అనే సన్నని సందులుంటాయి. మామూలుగా వైరస్ అందులో పట్టదు. అందుకే దారి చేసిపెట్టే ప్రోటీన్ ఒకటి తయారు చేయించుకుని పక్క కణంలోకి జారుకుంటుంది. ఆకు మీద మచ్చలు మాడినట్టు కనిపించడంలో మొక్క పాత్ర కూడా ఉంటుంది. వైరస్‌ను ఆపాలని తన కణాలను తానే చంపుకుంటుంది. ఆలోపే అది ఈనెల్లోకి చేరితే మొవ్వ ఎండిపోతుంది. శిలీంధ్రాల మందు ఎంత కొట్టినా దండగే, అంగడివాళ్లు మాత్రం అమ్ముతూనే ఉంటారు.

వయ్యారిభామ సంగతి మీరు అసలు రాయలేదు. ఆ కలుపులో వైరస్ ఉన్నా పైకి ఏ లక్షణమూ కనిపించదు. తామర పురుగులు ఆకును గీకిన గాయాల గుండా దాని పుప్పొడిలోని వైరస్ శనక్కాయలోకి వస్తుంది. కాబట్టి పూత రాకముందే గట్ల మీద దాన్ని పీకేయాలి, పురుగులు చేలోకి రాకుండా అడ్డుగా చుట్టూ నాలుగు సాళ్లు జొన్న వేసుకోవాలి.