సముద్రం చూసినవారు అనర్హులు

ఉన్నత పాఠశాలల విద్యార్థుల కోసం తిరుపతిలో జరిపే సముద్ర విజ్ఞాన క్విజ్ పోటీకి ఒక నిబంధనను తక్షణమే చేర్చవలసి ఉంది: సముద్రాన్ని కళ్లారా చూసిన విద్యార్థులు ఎవరూ పాల్గొనరాదు. మాట కటువుగా తోచవచ్చు గాని, మొన్నటి పోటీని వెనక వరుసలో కూర్చుని ఆసాంతం గమనించిన మీదట, ఇంతకంటే న్యాయమైన మార్గం నాకు కనబడలేదు.

ఈ చిక్కంతా 2022 ఏప్రిల్ 4న మొదలయింది. అంతవరకూ చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుపతికి సముద్రంతో ఏ పేచీ లేదు. ఆనాటి పునర్విభజనలో నెల్లూరు జిల్లా నుంచి సూళ్లూరుపేట, తడ వచ్చి కలవడంతో, శేషాచలం నీడన నిశ్చింతగా బిట్లు బట్టీ పడుతున్న పిల్లలు తెల్లవారేసరికి తీరప్రాంత వాసులైపోయారు. సముద్రం ఒక్కటే వస్తే సర్దుకునేవాళ్లం. దానితోపాటు దాన్ని రోజూ చూసే పిల్లలు కూడా వచ్చారు.

వారివల్ల ఎంత కాలహరణమో చెబుతాను. పులికాట్ సరస్సు నీరు మంచినీరా, ఉప్పునీరా, రెండూ కలిసినదా అని క్విజ్ మాస్టర్ అడిగారు. సరస్సు ఒడ్డు పల్లె నుంచి వచ్చిన జాలరి పిల్లవాడు బజర్ నొక్కి, "ఏ నెలలో సార్?" అన్నాడు. ఈశాన్య రుతుపవనాల వానలకు కాళంగి నది పారితే ఉప్పు తగ్గుతుందనీ, ఎండాకాలంలో నీరు ఇగిరిపోయి సముద్రాన్ని మించిన ఉప్పు తేలుతుందనీ, ముఖద్వారం ఇసుకతో పూడితే లెక్క మళ్లీ మారుతుందనీ చెప్పబోయేలోగా గడువు ముగిసింది. మార్కులు కోశారు. పక్క జట్టు "ఆప్షన్ సి" అన్నది. హాలు చప్పట్లతో మారుమోగింది.

పట్టణపు జట్లు ఇటువంటి ఇబ్బంది పెట్టవు. "ఆక్టోపస్‌కు ఎన్ని" అని ప్రశ్న నోట్లో ఉండగానే ఒక అమ్మాయి "మూడు" అన్నది. చేతులో, కళ్లో, గుండెలో వినవలసిన అవసరం లేదు. వాళ్ల మెటీరియల్‌లో ఆక్టోపస్ మీద 'ఎన్ని' అన్న బిట్టు ఒక్కటే ఉందట. ప్రశ్న గుండెల గురించే కనుక జవాబు సరైనదే. ఎనిమిది చేతుల సంగతి బహుశా వచ్చే ఏడాది మెటీరియల్‌లో రావచ్చు.

సముద్రానికి దూరంగా ఉంటేనే సముద్రం బాగా తెలుస్తుందనడానికి నా వద్ద తిరుగులేని ఆధారం ఉంది. దేశానికంతటికీ సునామీ హెచ్చరికలు జారీచేసే ఇన్‌కాయిస్ అనే జాతీయ సముద్ర సమాచార సంస్థ, ఏ తీరమూ లేని హైదరాబాదులో ఉన్నది. చేపలు ఎక్కడ దొరుకుతాయో జాలరులకు చెప్పేదీ ఆ సంస్థే. అయితే వారు ఉపగ్రహాల నుంచీ, నీటిలో తేలే పరికరాల నుంచీ ఎడతెగక సమాచారం తెప్పించుకుని మరీ చెబుతారన్న విషయాన్ని ఇక్కడ ఎత్తితే నా వాదం బలహీనపడుతుంది కాబట్టి ఎత్తడం లేదు.

నిబంధన అమలులో ఒక్క ధర్మసందేహం మాత్రం ఉంది. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కనిపించే క్వార్ట్‌జైట్ రాళ్లు, నూట యాభై కోట్ల ఏళ్లకు పూర్వమే లోతు తక్కువ సముద్రంలో పేరుకున్న ఇసుక గట్టిపడి ఏర్పడినవని భూగర్భ శాస్త్రవేత్తలు అంటారు. మరి కొండకు వెళ్లే బస్సు కిటికీలోంచి వాటిని చూసినవారిని సముద్రం చూసినవారి కింద జమకట్టాలా? అలా జమకడితే జిల్లాలో పోటీకి మిగిలేవారు ఉండరు. ఈ రాళ్లు బిట్ బ్యాంకులో లేవు కనుక చూసినా చూడనట్టే పరిగణించాలని నా సిఫారసు.

ఇక బహుమతుల విషయం. విజేతలను తడకు తీసుకువెళ్లి పులికాట్ చూపించాలని ఎవరో అత్యుత్సాహవంతులు వేదిక మీదే ప్రకటించారు. అలా చేస్తే ఇప్పటి విజేతలే వచ్చే ఏటికి అనర్హులవుతారని నేను అభ్యంతరం తెలుపుదామని లేచేలోగా తల్లిదండ్రులే ఆ ప్రమాదాన్ని తప్పించారు: ఆ ఆదివారం పిల్లలకు గ్రాండ్ టెస్టు ఉందట. జ్ఞాపికలు చాలన్నారు.