పేరుకే అంతర్విభాగ పీహెచ్‌డీ

ప్రకటనలో ఏ సబ్జెక్టువాళ్లైనా రావచ్చంటారు. ఫారం తెరిస్తే పీజీ సబ్జెక్టుకు ఒకటే గడి! దేవదాసీల ఆస్తిహక్కుల మీద పనిచేయాలంటే చరిత్ర, న్యాయం, స్త్రీ అధ్యయనాలు మూడూ కావాలి. పీహెచ్‌డీ ప్రవేశానికి చూసే జాతీయ పరీక్ష నెట్ మాత్రం ఒక్కదాంట్లోనే రాయాలి, రెండో పేపర్లో 100 బిట్లూ దానివే. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే ఫెలోషిప్) రాకపోతే, 2024లో వచ్చిన పద్ధతిలో నెట్ మార్కులకే 70 శాతం వెయిటేజీ, ఇంటర్వ్యూకు 30. ఆ స్కోరు చెల్లేది ఏడాదే.

ఇంటర్వ్యూలో చరిత్ర ఆయన "ఇది లా కదమ్మా" అంటారు, లా మేడమ్ "ఇది చరిత్ర కదా" అంటారు. సినాప్సిస్‌లో, అంటే మనమిచ్చే పరిశోధన ప్రతిపాదనలో, పరిశోధన పద్ధతి గురించి ఒక్క పేరా స్పష్టంగా లేకపోతే ఇద్దరూ వదిలేస్తారు. అంతా కుదిరినా గైడు దగ్గర ఖాళీ ఉండాలిగా! ప్రొఫెసర్‌కు 8 మంది, అసోసియేట్‌కు 6, అసిస్టెంట్‌కు 4, అంతే. ఆ ఖాళీల లెక్క వెబ్‌సైట్లో వెతికి పట్టుకోవడమే ఇంకో పరిశోధన.