22 లీటర్ల వేణ్ణీళ్లు

మే నెలలో మధ్యాహ్నం రెండింటికి మా డాబా మీద ట్యాంకు కుళాయి తిప్పితే చెయ్యి చుర్రుమంటుంది. ఈ ఊరికి బ్లేజ్‌వాడ అని పేరు పెట్టింది కట్టమంచి రామలింగారెడ్డిగారంటారు. ఇలాంటిదే ఏదో కుళాయి కింద చెయ్యి పెట్టి ఉంటారని నా అనుమానం. అలాంటి బెజవాడలో ఉంటూ బండిలో గీజరు పెట్టించుకున్న మహానుభావుడు మా బావగారు.

బండంటే క్యారవాను. రిటైరైన డబ్బుల్లో కొంత పెట్టి పాత వ్యానొకటి కొని ఆటోనగర్ తోలారు. 1966 నుంచీ లారీలకి బాడీలు కట్టి చేయి తిరిగిన చోటు. ఏనుగుని ఇచ్చి వస్తే గుర్రం చేసి ఇస్తారు. రెండు మంచాలు, గ్యాసు పొయ్యి, పక్కకి తిరగాలంటే ముందు బయటికి రావాల్సిన బాత్రూము, 22 లీటర్ల గీజరు, అన్నీ ఇరికించారు. ఆ గీజరు అవసరం మా ఊళ్లో ఏడాదికి పదిహేను రోజులు. మిగతా పదకొండున్నర నెలలూ అందులో మా పటమట అపార్టుమెంటు బోరు నీళ్లు నిద్రపోయాయి.

సంక్రాంతికి లంబసింగి ప్రయాణం పెట్టారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు కాబట్టి ఆ రోజు అక్కడే కదలకుండా ఉండాలని, భోగి నాడే బయల్దేరాలని, బయల్దేరే ముందు తలంటు బండిలోనే పోసుకోవాలని బావగారి పట్టు. ముందురోజు స్విచ్చి వేస్తే గీజరు మా తాతయ్యలా గురక పెట్టింది. నీళ్లు మాత్రం గోరువెచ్చన దాటలేదు.

"లోపల సున్నం పట్టింది బావగారూ" అన్నాను. బోరు నీళ్లు కాగితే అందులో కరిగున్న సున్నం పేరుకుని కాయిల్‌కి పెచ్చులా అంటుకుంటుంది. ఆ పెచ్చు కింద నీళ్లు బుడబుడలాడటమే గురక. ఇంత తెలిసినవాణ్ణి కాబట్టి విప్పే పని నాకే పడింది.

కరెంటు తీసెయ్యాలి, గ్యాసు కట్టెయ్యాలి, పంపు ఆపాలి, నీళ్లు చల్లారనివ్వాలి, పైనున్న ప్రెషర్ వాల్వు ఎత్తాలి, ఆ తర్వాతే కింద నట్టు ముట్టుకోవాలి. మొదటి నాలుగూ శ్రద్ధగా చేశాను. ఐదోది, 27 నంబరు సాకెట్‌తో చివరి మర తిప్పాక గుర్తొచ్చింది. నట్టుకి అతికి లోపలున్న కడ్డీ బాణంలా వచ్చి నా పొట్టకి తగిలింది, వెనకే నీళ్లు. వాచ్‌మన్ భార్య గంటసేపు కూర్చుని వేసిన రథం ముగ్గు చక్రాలతో సహా కాలవలోకి వెళ్లిపోయింది. ఆ చోట కోడిగుడ్డు పెంకుల్లాంటి సున్నపు పెచ్చులు మిగిలాయి. ఆవిడ నన్నేమీ అనలేదు. మళ్లీ చిప్ప తెచ్చుకుని, నా పాదాల చుట్టూ ముగ్గు మొదలెట్టింది.

కడ్డీ చూస్తే అగరొత్తి పుల్లంత తీగ మిగిలింది.

"ఇదేంటోయ్?" అన్నారు బావగారు.

"మెగ్నీషియం కడ్డీ అండీ. తుప్పు ట్యాంకు జోలికి పోకుండా ముందు దీన్ని తింటుంది. ఇది కరిగిపోతూ ట్యాంకుని కాపాడుతుంది."

"అంటే ఇల్లరికపుటల్లుడి లాంటిదన్నమాట."

"అల్లుడెప్పుడు కరిగాడండీ? కరిగేది కోడలు" అంది అక్క లోపల్నించి.

ఆన్‌లైన్లో తెప్పించిన కొత్త కడ్డీ, మరలకి టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాను. సున్నం కరగడానికి తెల్ల వెనిగర్ పొయ్యమని గీజరుతో వచ్చిన పుస్తకంలో ఉంది. అక్క ఆ పుస్తకాన్ని పక్కకి నెట్టింది. "ముప్ఫై ఏళ్లుగా ఇత్తడి బిందెలు దేంతో తోముతున్నాన్రా?" అని, నల్లబడ్డ పాత చింతపండు అరకిలో నానబెట్టి, పిసికి, బకెట్టెడు రసం తీసింది. పులుపు పులుపే కదా, సున్నానికి వెనిగరైతేనేం చింతపండైతేనేం అని నాకూ సబబుగానే తోచింది. వడగట్టాలని మాత్రం ఇద్దరికీ తోచలేదు. బండి నీళ్ల ట్యాంకులో పోసి పంపు నొక్కితే గీజర్లోకి గుటకలు వేస్తూ వెళ్లింది. రెండు గంటలుంచి, వదిలేసి, రెండుసార్లు మంచినీళ్లతో కడగాలి.

ఆ కడగడం నేను చేస్తానని అక్క, అక్క చేయించిందని నేను అనుకున్నాం. అరిసెలు వేడిగా ఉన్నాయి మరి.

తెల్లారి నాలుగున్నరకి వీధిలో భోగిమంట అంటుకుంది. బావగారు ఒంటినిండా నువ్వులనూనె, నలుగుపిండి పట్టించుకుని బండెక్కారు. వాచ్‌మన్ గది ప్లగ్గులోంచి కరెంటు లాగాం. గురక లేదు. నేను మంట దగ్గర నలుగురికీ సున్నం గురించి చెబుతున్నాను.

"ఏవోయ్, నీళ్లు ఎర్రగా వస్తున్నాయేంటి?"

"తుప్పయ్యుంటుంది బావగారూ, కాసేపు వదలండి."

"వదిలాను. ఇప్పుడు వాసనొస్తోంది."

"ఏం వాసనండీ?"

చాలాసేపు చప్పుడు లేదు.

"చారు."

ఆ తర్వాత షవరుకి పీచు అడ్డం పడి నీళ్లు కూడా ఆగిపోయాయి. నలుగుపిండిలో చింతపండు కలిస్తే ముద్దవుతుందని అప్పుడే తెలిసింది. బావగారు తువ్వాలు చుట్టుకుని, ఒక కన్ను మూసుకుని, భోగిమంట వెలుగులో దిగారు. చెవి వెనక ఒక గింజ. మూడో అంతస్తు బాల్కనీలోంచి పెద్దావిడెవరో "పండగపూట పొద్దున్నే చారు పెట్టిందెవరమ్మా, పోపు వెయ్యలేదు!" అని కేకేసింది.

అక్క ఆయన్ని కింద నుంచి పై దాకా చూసి, "ఇత్తడి మెరిసినట్టు మెరుస్తున్నారండీ" అంది.

పైన ఇంట్లో బకెట్లో హీటరు రాడ్డు వేసి రెండోసారి తలంటు పోశాం. గీజరు కడిగి చూస్తే కాయిల్ తళతళలాడుతోంది. కొత్త కడ్డీ కూడా రాత్రంతా పులుపులో నాని, అప్పుడే గుంటలు పడి, మొదటి రోజే త్యాగం మొదలెట్టేసింది.

ఏడింటికి బయల్దేరాం. అద్దాలన్నీ దించినా బండి నిండా అదే వాసన. బావగారు ఎవరితోనూ మాట్లాడలేదు. హనుమాన్ జంక్షన్ వచ్చేసరికి మాత్రం హోటలు ముందు బండాపి, తలుపు తీస్తూ అక్కతో అన్నారు: "ఆకలేస్తోంది."